ఉత్తరం అందిందని చెప్పడానికి వంద పౌండ్లు ఎక్కువా?

ఇంగ్లండ్‌లో లీజ్‌హోల్డ్ ఫ్లాట్ (నేల, భవనం వేరొకరివి, లీజు ఉన్నన్నేళ్లే ఫ్లాట్ మనది) కొంటున్న మనవాళ్లు కొందరు ఈ మధ్య మరీ గొంతు పెంచుతున్నారు. కొనుగోలు కాగితాలు చూసే లాయరు, అంటే సొలిసిటర్, ముందుగా చెప్పిన ఫీజు అంచనాలో, అంటే కోట్‌లో, 850 పౌండ్లని ఉందట, చివరి బిల్లు రెండు వేలు దాటిందట. అందుకని మోసం అంటున్నారు. కోట్ అనేది శుభలేఖ. ఆడపడుచు లాంఛనాలు ఎంతో శుభలేఖలో అచ్చు వేయించిన వియ్యంకుణ్ణి ఎక్కడైనా చూశారా?

ఆ 850 నేలతో సహా సొంతమయ్యే మామూలు ఫ్రీహోల్డ్ ఇంటికి. మీది ఫ్లాటని, అందులోనూ మూడో అంతస్తని ఫారంలో మీరే రాసిచ్చినా, అది లీజ్‌హోల్డ్ అన్న సంగతి సొలిసిటర్‌గారికి ఫైలు తెరిచాకే తెలుస్తుంది. తెలిశాక ‘లీజ్‌హోల్డ్ సప్లిమెంట్’ కింద మరో రెండు నుంచి నాలుగు వందలు. పాపం, లీజు మొత్తం చదవాలి కదా. భవనం 11 మీటర్లో, ఐదంతస్తులో, ఆపైనో ఉంటే 2022 నాటి బిల్డింగ్ సేఫ్టీ చట్టం పేరున ఇంకో రుసుము. 2022 ఫిబ్రవరి 14న ఆ ఫ్లాట్ ఎవరిది, వాళ్లకి ఇంకెన్ని ఇళ్లున్నాయి అన్న ధ్రువపత్రం అమ్మేవాళ్ల దగ్గర ఉందో లేదో చూస్తారు. అది లేకపోతే గోడల మరమ్మతు ఖర్చు రేపు భవనం నిర్వహణకి మీరు కట్టే సర్వీస్ ఛార్జీలోకి ఎక్కే ప్రమాదం ఉంది. చూసినందుకు ఫీజు తీసుకుని, ‘భవన భద్రతపై మేం సలహా ఇవ్వం’ అని అదే ఉత్తరంలో రాసే సంస్థలూ ఉన్నాయి. నిజాయితీ అంటే అది.

డిపాజిట్‌లో కొంత నాన్నగారు పంపారా? ‘గిఫ్టెడ్ డిపాజిట్’ ఫీజు సిద్ధం. అమ్మ ఖాతాలోంచి కొంత, నాన్న ఖాతాలోంచి కొంత వస్తే ఇద్దరు దాతలు, చాలాచోట్ల రెండు ఫీజులు. ఆ డబ్బు ఎక్కడిదో చూపే పొలం అమ్మిన దస్తావేజు తెలుగులో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం కావాలి. ఇది అప్పు కాదు, ఇంట్లో నాకు వాటా అక్కర్లేదు అని ఆయన సంతకం చేసి పంపాలి. కొడుకు ఇంట్లో వాటా లేదని ఒక తెలుగు తండ్రి చేత రాయించుకోవడానికి వంద పౌండ్లు పెద్ద లెక్కేం కాదు.

ఇక అసలు సేవ దగ్గరికి వద్దాం. కంప్లీషన్ (డబ్బు మొత్తం కట్టి తాళాలు తీసుకోవడం) అయ్యాక మీ సొలిసిటర్ భవనం అసలు యజమానికి, అంటే ఫ్రీహోల్డర్‌కి, ఉత్తరం రాస్తారు, రెండు ప్రతులు: ‘ఫ్లాట్ చేతులు మారింది.’ అవతల ఒక మనిషి ఒక ప్రతి మీద ‘అందింది’ అని ముద్ర వేసి, తేదీ రాసి, తిప్పి పంపుతాడు. దీనికి యాభై నుంచి నూట యాభై పౌండ్లు, చాలాసార్లు పైన 20 శాతం వ్యాట్. మార్ట్‌గేజ్ తీసుకున్నారు కనుక ఆ సంగతి చెప్పడానికి ఇంకో నోటీసు, ఇంకో ఫీజు. రెండూ ఒకే కవరులో వెళ్తాయి, ఒకే మేజా మీద దిగుతాయి. కానీ ముద్ర రెండుసార్లు వేయాలి, మణికట్టు నొప్పి ఎవరికైనా నొప్పే. ఫ్రీహోల్డర్ వేరు, మేనేజ్‌మెంట్ కంపెనీ వేరు అయి, లీజు ఇద్దరికీ చెప్పమంటే నాలుగు నోటీసులు.

తరవాత డీడ్ ఆఫ్ కవెనెంట్. లీజులో రాసినవన్నీ పాటిస్తానని కొత్త యజమాని ఇచ్చే మాట. దాని నమూనా చాలాసార్లు లీజు వెనకాలే ఉంటుంది. తాము రాయించిన నమూనా బాగుందని తామే ఒప్పుకోవడానికి రెండు మూడు వందలు పుచ్చుకుంటారు. అది ముట్టాకే లీజు షరతులు పాటించారన్న కంప్లయన్స్ సర్టిఫికెట్, దానికి వేరే. ఎగ్గొడదామంటే కుదరదు: ఆ సర్టిఫికెట్ లేనిదే పేరు మార్చవద్దని ల్యాండ్ రిజిస్ట్రీలో చాలా ఫ్లాట్ల మీద ఆంక్ష ఉంటుంది. డబ్బు కట్టేశారు, తాళాలు వచ్చాయి, పాలు పొంగించారు, రిజిస్టర్లో మాత్రం ఇంకా పాత యజమాని పేరే. ఈ ఏర్పాటు కనిపెట్టిన బుర్రకి దండం పెట్టాలి.

ఫ్రీహోల్డర్‌కి ఏటా కట్టే నేల అద్దె, అంటే గ్రౌండ్ రెంట్ మీద మాత్రం ప్రభుత్వం కొంచెం తొందరపడింది. 2022 జూన్ 30 నుంచి ఇచ్చిన కొత్త లీజుల్లో చాలావాటికి అది ఏడాదికి ఒక మిరియపు గింజ, అంటే సున్నా. పాత లీజులకు ఆ ఖర్మ పట్టలేదు.

కాబట్టి కొనేవాళ్లు మర్యాద తెలిసి మసలుకోవాలి. ఆఫర్ పెట్టకముందే లీజు కాపీ తెప్పించుకుని నోటీసుల క్లాజులో ఫీజు ‘ఇంతకు తగ్గకుండా’ అన్న మాట వెతక్కండి. కోట్ అడిగేటప్పుడే లీజ్‌హోల్డ్, గిఫ్ట్, స్టాంప్ డ్యూటీ రిటర్న్, బ్యాంకు బదిలీ ఫీజులన్నీ వ్యాట్‌తో కలిపి రాసివ్వమని సొలిసిటర్‌ని ఇరుకున పెట్టకండి. కొనుగోలు మధ్యలో ఆగిపోతే ఎంత కట్టాలని అసలే అడక్కండి, అశుభం. ‘అవి థర్డ్ పార్టీ ఫీజులు, ఇప్పుడే చెప్పలేం’ అంటే తలూపి ఊరుకోండి. అమ్మేవాళ్లు మేనేజింగ్ ఏజెంటుకి కొన్ని వందలు పోసి తెప్పించే ఎల్‌పీఈ1 ఫారంలో నోటీసులకెంత, డీడ్‌కెంత, సర్టిఫికెట్‌కెంత అని ప్రశ్నలుంటాయనీ, ఏజెంటు జవాబులు రాసి ఇస్తాడనీ మీకు తెలిసినట్టు మాత్రం బయటపడకండి.