ఫైళ్ల అప్‌లోడ్‌కు బ్రౌజర్ బటన్ ఉండగా పైపూతలెందుకు?

అడ్మిషన్ల కాలంలో గుంటూరు అరండల్‌పేటలోనైనా, విజయవాడ గవర్నర్‌పేటలోనైనా ఇంటర్నెట్ సెంటర్లలో సాగే పని ఒక్కటే. మార్కుల జాబితా, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్, ఫొటో, సంతకం స్కాన్ చేయించడం, అప్‌లోడ్ చేయడం. చూపున్నవారికే విసుగు పుట్టించే తంతు ఇది. చూపులేని విద్యార్థి మాత్రం చాలాసార్లు తన పత్రాలన్నీ పక్కవారి చేతిలో పెట్టక తప్పదు. నన్నడిగితే ఇందులో తప్పంతా సైటు తయారుచేసినవారిదే.

ఒకప్పుడు వారికి ఒక సాకు ఉండేది. ఫారం ద్వారా ఫైలు పంపే పద్ధతి 1995లోనే ఖరారైనా, ఒకేసారి అనేక ఫైళ్లు ఎంచుకునే వీలు చాలా బ్రౌజర్లలో ఉండేది కాదు. అందుకే బ్రౌజర్‌కు విడిగా జోడించుకునే జావా యాప్లెట్లు, ఫ్లాష్ అనే ప్రోగ్రాములు రంగంలోకి దిగాయి. 2008లో వచ్చిన ఫ్లాష్ ప్లేయర్ 10, భద్రత కోసం ఒక నిబంధన పెట్టింది: వాడేవారు ఫ్లాష్ లోపల స్వయంగా నొక్కితేనే ఫైళ్లు ఎంచుకునే కిటికీ తెరుచుకోవాలి. డెవలపర్లు ఊరుకుంటారా? పేజీలోని మామూలు బటన్ మీద కంటికి కనిపించని ఫ్లాష్ పొర పరిచారు. మౌస్ పట్టుకున్నవారికి తేడా తెలియలేదు. ట్యాబ్ కీతో కదిలేవారు మాత్రం చాలా బ్రౌజర్లలో ఆ పొరలోకి వెళ్లలేకపోయారు, వెళ్తే బయటపడలేకపోయారు.

2010 జనవరిలో ఫైర్‌ఫాక్స్ 3.6 బ్రౌజర్, ఒకేసారి అనేక ఫైళ్లు ఎంచుకోనిచ్చే 'మల్టిపుల్' గుణాన్ని అందుకుంది, తక్కిన ప్రధాన బ్రౌజర్లలోనూ అది వచ్చింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ కథ ముగిసింది. సాకు పోయింది గానీ అలవాటు పోలేదు. ఇప్పుడు ‘ఫైళ్లను ఇక్కడికి లాగి వదలండి’ అనే గీతల పెట్టె వచ్చింది. చాలా సైట్లలో వెనకున్న బ్రౌజర్ అసలు బటన్‌ను పూర్తిగా దాచేయడంతో అది ట్యాబ్ వరసలోంచే మాయమవుతుంది. లాగడం ఒక్కటే మార్గం కాకూడదని వెబ్ వికలాంగులకూ అందుబాటులో ఉండేందుకు రూపొందిన మార్గదర్శకాలు, 2023 నాటి డబ్ల్యూసీఏజీ 2.2, చెబుతున్నాయి. లాగే సౌకర్యాన్ని తీసేయమని నేననను. అసలు బటన్ కీబోర్డుకు అందేలా ఉండాలి, ఆ పెట్టె దానికి అదనం కావాలి.

అయితే బ్రౌజర్ బటన్‌కూ లోపాలున్నాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచి మూడు పత్రాలు ఎంచుకుని, నాలుగోది పెన్‌డ్రైవ్ నుంచి తెద్దామని మళ్లీ నొక్కితే, ముందు ఎంచుకున్న మూడూ పోతాయి. స్క్రీన్ మీద చూసేవారు గమనించవచ్చు, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మీద ఆధారపడినవారికి అది సమర్పించేదాకా తెలియకపోవచ్చు. కాబట్టి ఎంచుకున్నవన్నీ ఒక జాబితాలో నిలిపి ఉంచే కొద్దిపాటి జావాస్క్రిప్ట్ (పేజీలో నడిచే ప్రోగ్రాము) తప్పనిసరి. ఆ జాబితాలో ప్రతి ‘తీసివేయి’ బటన్‌కూ ఫైలు పేరు జోడించాలి. లేకపోతే ‘తీసివేయి, తీసివేయి, తీసివేయి’ అని వినిపిస్తుంది, దేన్ని తీసివేయాలో మాత్రం తెలియదు. ఒకదాన్ని తీసివేశాక ఫోకస్ (కీబోర్డు ఇప్పుడు ఉన్న చోటు) పేజీ మొదటికి ఎగిరిపోకుండా తర్వాతి ఫైలు మీదకు వెళ్లాలి. అప్‌లోడ్ ఎంతవరకు వచ్చిందో ప్రతి శాతానికీ చదివించడం హింస. ఏ ఫైలు చేరింది, ఏది ఆగింది అన్నంత వరకు చెబితే చాలు.

సర్వర్ వైపు కూడా ఒక మాట. మన చిన్న సైట్లలో ఎక్కువగా కనిపించే సర్వర్ భాష పీహెచ్‌పీలో, సెట్టింగులు మార్చకపోతే ఒక్కో ఫైలుకు 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ హద్దు. మొత్తం హద్దు దాటితే ఫారం ఖాళీగా వచ్చినట్టే సర్వర్ భావిస్తుంది. నింపినవన్నీ నింపలేదంటూ ఎర్ర అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. ఆ ఎరుపు కనిపించనివారి సంగతి వేరే చెప్పాలా! ఒక్కో ఫైలునూ విడిగా పంపితే ఒకటి ఆగినా మిగిలినవి దక్కుతాయి.

డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. కళాశాలలు, కార్యాలయాలు సైటు చేయించుకునేటప్పుడు రంగులు, లోగోల గురించి గంటల తరబడి చర్చిస్తాయి. బిల్లు చెల్లించే ముందు ఒక పని చేయించాలి: మౌస్ పక్కన పెట్టించి, ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ పెట్టించి, కీబోర్డుతోనే ఐదు పత్రాలు అప్‌లోడ్ చేసి చూపమనాలి.