హార్బర్ మీది పొగమంచుకు హనుమకొండ నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ పొగమంచు గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం. మీరు నా కాన్వాస్ మీద అంతకన్నా క్షేమంగా ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాను. బయట ఎండ 44 డిగ్రీలు. నేను కూలర్ ముందు కూర్చుని మీ కోసం తెల్లరంగు కలుపుతున్నాను. మే నెలలో హనుమకొండ మొత్తానికి చల్లగా ఉన్నది మీరొక్కరే.

మొదట మీకు నేనిచ్చిన జాగా ఎంత? పైన నాలుగు వేళ్ల వెడల్పు. ఎప్పుడో చూసిన విశాఖ హార్బర్‌ను గుర్తు చేసుకుని, వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ, ముందు క్రేన్లు, గోదాములు, రెండు ఓడలు పెన్సిల్‌తో శుభ్రంగా గీసుకున్నాను. రంగు వేస్తే క్రేన్ కాస్తా కరెంటు స్తంభంలా వచ్చింది. మీరొచ్చి కప్పారు. ఓడ వేశాను. మా ఆవిడ చూసి, "ఎర్రబస్సు నీళ్లల్లకు ఎందుకు పోయింది?" అన్నది. మళ్లీ మీరే వచ్చారు. పిలవగానే వచ్చే చుట్టం ఎంత ప్రమాదమో నాకప్పుడు తెలియలేదు.

సూత్రం నాకూ తెలుసండీ. దూరం పోయేకొద్దీ రంగు పాలిపోవాలి, నీలానికి తిరగాలి, అంచులు కరగాలి. గాలీ, అందులోని తేమ, ధూళీ వెలుతురును చెదరగొడతాయి కాబట్టి అట్లా కనిపిస్తుంది. కానీ అది దూరంగా ఉన్నవాటి సంగతి. మీరు మూరెడు దూరంలో ఉన్న పడవను కూడా మాయం చేశారు.

అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగు కలిపితే మీ ఒంటిరంగు వస్తుంది. పైన టైటానియం వైట్ ఎంత పోస్తే మీకు అంత ఒళ్లు. నెలలో మూడు ట్యూబులు తాగారు. పోనీ తొందరగా ఆరతారా అంటే, ఈ రంగుల్లో ఉండే అవిసె నూనె నీళ్లలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని నిదానంగా గట్టిపడుతుంది. కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలి, లేకపోతే పగుళ్లిస్తుంది. మిమ్మల్ని పదకొండు పొరలు వేశాను. ఏ పొరలో ఎంత నూనె పోశానో గుర్తు లేదు. మీరు పగిలిన రోజు లోపలి నుంచి ఎర్రబస్సు బయటపడుతుందేమోనని నాకు టెన్షన్.

మీకు పెద్దల అండ ఉందని తెలుసు. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1872లో లె హావ్ర రేవును పొగమంచులో వేశాడు. 1874లో పారిస్‌లో ప్రదర్శనకు పెడితే ఒక విమర్శకుడు వెక్కిరించాడు, ఆ వెక్కిరింపే వాళ్ల చిత్రకళా పద్ధతికి ఇంప్రెషనిజం అనే పేరై కూర్చుంది. నన్ను వెక్కిరించినవాళ్లు ఇప్పటికి ఏడుగురు. ఒక్కరూ పనికొచ్చే పేరు పెట్టలేదు. అయినా ఆయన ముందు పడవను నల్లగా, నిక్కచ్చిగా వేశాడు. దాని జోలికి మీరు పోలేదే!

ఇక్కడికి దగ్గరే చేర్యాల. అక్కడి నకాషీ పటాల బొమ్మల్లో ఎర్రటి నేపథ్యం మీద రాజూ, గుర్రమూ, గొల్లవాడూ అందరూ కళ్లు తెరుచుకుని కనిపిస్తారు. మీకు ఆ ఊళ్లో ఉద్యోగం దొరకదు.

ఓరుగల్లువాళ్లకు ఓడరేవుల సంగతేం తెలుసని మాత్రం అనకండి. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాక్కునేవారు, తాను సుంకం తప్ప ఇంకేదీ ముట్టనని అందులో మాటిచ్చాడు. మీరేమో నా రెండు ఓడలనూ సరుకుతో సహా మింగారు. సుంకం కూడా నేనే కట్టాను, ట్యూబుకింత చొప్పున.

పై పొరలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఈ ఆదివారం పాలెట్ కత్తి పట్టుకుని కుడి మూల నుంచి గీకుతాను. కరెంటు స్తంభం దొరికినా సరే. మీరు ఆ పైన నాలుగు వేళ్ల జాగాలోకి సర్దుకోగలరు.

ఇట్లు,
టర్పెంట్ వాసనతో,
మీ విధేయుడు

తా.క.: గీకేటప్పుడు లోపల మా ఊరి భద్రకాళి చెరువు గానీ కనిపిస్తే అక్కడితో ఆపమని మా ఆవిడ చెప్పమన్నది. హాల్లో పెట్టుకుంటుందట.