డెక్ మీదకొచ్చిన పెద్దాయన

మాది న్యూజెర్సీ మారిస్ కౌంటీలో, 80వ నంబర్ హైవేకి ఉత్తరం పక్క, అంటే ఎలుగుబంట్లదీ మాదీ ఒకటే జిప్‌కోడ్. మా అత్తయ్యగారు మావయ్యగారు పలాస నుంచి ఆర్నెల్లకని వచ్చారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, ఆవిడ రిటైర్మెంట్ లేని హెడ్‌మిస్ట్రెస్. మహాలయ అమావాస్య పొద్దున్న నేను పైన మీటింగ్‌లో ఉన్నా, కింద నుంచి గుసగుసలు మొదలై కాసేపటికి అవి గుసగుసల స్థాయి దాటిపోయాయి. మ్యూట్ పెట్టుకుని మెట్ల మీద కూర్చుని విన్నది విన్నట్టు రాస్తున్నా, మా ఆయనకి చూపించకండి.

మావయ్య: పార్వతీ, కదలకు. వెనక్కి తిరక్కు.

అత్తయ్య: ఏటి, బల్లా?

మావయ్య: బల్లి కాదే. డెక్ మీద గుడ్డెలుగు.

అత్తయ్య: (తిరిగి చూసి) ఓర్నాయనో! ఎంతుందండీ!

మావయ్య: తిరక్కన్నానా!

అత్తయ్య: తిరక్కపోతే ఎంతుందో ఎలగ తెలుస్తాది? అద్దం తలుపు గడియ వేసేరా?

మావయ్య: నువ్వు వెయ్యలేదా?

అత్తయ్య: గాలాడట్లేదని ఇందాక తీసింది ఎవరు?

(ఇక్కడ ఒక నిమిషం మాటల్లేవు. మోకాళ్ళ నొప్పులని గుడిలో కూడా కుర్చీ అడిగే మావయ్యగారు నాలుగు కాళ్ళ మీద పాకుతూ వెళ్ళి గడియ వేసి వచ్చారు. అద్దానికి అటూ ఇటూ ఇద్దరూ ఒకే పోజులో ఉండటం మెట్ల మీద నుంచి నాకు బాగా కనిపించింది.)

మావయ్య: ఇందుకే మొన్నట్నుంచీ మొత్తుకుంటున్నా, వేట సీజన్ ఉండాల్సిందే అని. ఈ అక్టోబర్ రెండో సోమవారం నుంచి ఆరు రోజులు. మొదటి మూడు రోజులు ఒట్టి బాణాలు, తర్వాత మూడు రోజులు బాణాలతో పాటు మందు దట్టించే పాతకాలం తుపాకులు కూడా. మళ్ళీ డిసెంబర్‌లో ఇంకో ఆరు రోజులు.

అత్తయ్య: సీజనేటండీ, మావిడిపళ్ళకి లాగ?

మావయ్య: లెక్కలు చూడు నువ్వు. 2022లో ఈ ఉత్తరం పక్క 3000 ఉన్నాయన్నారు, కొట్టకపోతే రెండేళ్ళలో 4000 దాటతాయన్నారు. రాష్ట్రంలో 21 కౌంటీలుంటే 21లోనూ కనిపిస్తున్నాయి. ఆ ఏడాది జనవరి నుంచి అక్టోబర్ దాకా వచ్చిన కంప్లైంట్లు ముందేడాది మీద 237 శాతం పెరిగాయి.

అత్తయ్య: నూటికి 237 ఎలగొస్తాయండీ? ఇన్నేళ్ళు ఇదేనా పిల్లలకి చెప్పింది?

మావయ్య: వందుండేవి 337 అయ్యాయని.

అత్తయ్య: ఏటి, ఎలుగులా?

మావయ్య: కంప్లైంట్లు.

అత్తయ్య: కంప్లైంట్లు పెరిగితే తగ్గించాల్సింది కంప్లైంటు చేసేవాళ్ళని కదండీ. మొన్నాదివారం ఈ వీధిలో ఒక్క ఎలుగు రోడ్డు దాటింది, పదకొండు ఇళ్ళవాళ్ళు ఫోన్లు పట్టుకుని బయటికొచ్చారు, సాయంత్రానికి కోడలి వాట్సాప్ గ్రూపులో అవి అయిదు ఎలుగులయ్యాయి, రాత్రికి వాటిలో ఒకదానికి పిల్లలు కూడా పుట్టేశాయి. మనూళ్ళో దొంగలు పడ్డప్పుడూ ఇంతే, ఒకడు చెంబు పట్టుకుపోతే ముఠా అన్నారు.

మావయ్య: అప్పటి గవర్నర్‌కి తెలీదా నీకు తెలిసింది? ఆ మర్ఫీ 2017లో వేట ఆపేస్తానని చెప్పుకుని గెలిచాడు. 2018లో ప్రభుత్వ భూముల్లో ఆపాడు, 2021లో మొత్తానికే లేదు, 2022 నవంబర్ వచ్చేసరికి లెక్కలు చూసి ఆయనే మళ్ళీ తెరిచాడు. అంత మాట ఇచ్చినవాడు వెనక్కి తీసుకున్నాడంటే ఊరికే తీసుకోడు.

అత్తయ్య: గెలిచాక మాట వెనక్కి తీసుకున్నారంటే ఆలోచించి తీసుకున్నారనుకునేవాడు భూమ్మీద మీరొక్కరే. సరే, ఇంతకు ముందు కొట్టలేదా?

మావయ్య: ఎందుకు కొట్టలేదు, 1971 నుంచి మూసేసి 2003లో తెరిచారు, ఆ ఏడాది 328. 2010లో అయితే 592.

అత్తయ్య: అన్నేళ్ళు అన్నేసి కొడితే మళ్ళీ 3000 ఎక్కణ్ణుంచి వచ్చాయి మరి?

మావయ్య: కొట్టబట్టే 3000 దగ్గర ఉన్నాయే! కొట్టకపోతే ఏ 6000 అయ్యేవి.

అత్తయ్య: నేను రోజూ తిట్టబట్టే మీరు ఇలాగున్నారు అన్నట్టుంది.

మావయ్య: అదీ నిజమే కదా.

(మావయ్యగారికి ఈ జవాబు పొరపాటున వచ్చేసింది, రెండు సెకన్లు ఇద్దరూ ఎలుగుని మర్చిపోయారు.)

అత్తయ్య: కొట్టేవాడు అడవిలోకెళ్ళి కొడతాడు. మన చెత్తడబ్బా పడేసేది వీధిలో తిరిగేది. తప్పు దీనిది, బాణం దానికా?

మావయ్య: ఆ చదువుకున్నవాళ్ళు కూడా ఇదే అంటారులే, చెత్తకి మూతలు బిగించాలి, పిట్టలకి గింజలు పెట్టకూడదు అని. రెండూ ఉండాలి. మూతా ఉండాలి, బాణమూ ఉండాలి. పైగా ఇష్టమొచ్చినట్టు కొట్టరు. పర్మిట్ తీసుకోవాలి, కొట్టినదాన్ని చెక్ స్టేషన్‌కి తీసుకెళ్ళి చూపించాలి. 75 పౌండ్ల లోపు పిల్లల్ని కొట్టకూడదు, అవి వెంట ఉన్న తల్లినీ కొట్టకూడదు.

అత్తయ్య: కొట్టేముందు కాటా వేస్తారేటి?

మావయ్య: జనాలకి కూడా ఇబ్బంది లేదు. ఇంటికి 150 అడుగుల లోపల బాణం వెయ్యకూడదు, తుపాకీ అయితే 450 అడుగులు. మనకేటవదు.

అత్తయ్య: పర్మిట్ ఎంత?

మావయ్య: రెండు డాలర్లేనట.

అత్తయ్య: రెండు డాలర్లకి ఎలుగా? ఇక్కడ అరకిలో దొండకాయలు రావు! అయినా ఏటండీ అంత పగ మీకు. 2016లో ఇక్కడే పెడల్స్ అని ఒకటి ఉండేదట, ముందు కాళ్ళు దెబ్బతిని మనిషిలాగ రెండు కాళ్ళ మీద వీధుల్లో నడిచేదట, కోడలు వీడియో చూపించింది, పాపం పెన్షన్ ఆఫీసుకి వెళ్తున్నట్టే ఉంది నడక. అది ఆ అక్టోబర్ బాణాల్లోనే పోయిందంటారు.

మావయ్య: నువ్వు వీడియో చూసి ఏడుస్తున్నావు. 2014లో వెస్ట్ మిల్ఫర్డ్ అడవిలో స్నేహితులతో నడకకెళ్ళిన కాలేజీ కుర్రాడు, మనవాళ్ళ పిల్లాడే, వాణ్ణి ఎలుగు చంపేసింది. వాళ్ళమ్మకి చూపించు నీ వీడియో.

(అత్తయ్యగారు కాసేపు ఏమీ అనలేదు. నాక్కూడా ఆ పాయింట్ దగ్గర మావయ్యదే రైటేమో అనిపించింది.)

మావయ్య: మనూరి సంగతి మర్చిపోయేవా? ఉద్దానంలో జీడిపిక్కల కాలం వస్తే తోటకి ఒంటరిగా ఎవరైనా వెళ్ళేవారా? డప్పో డబ్బానో వాయించుకుంటూ వెళ్ళడమే. 2022లో కిడిసింగిలో ఏటయింది, మనిషి ప్రాణం తీసింది కదా.

అత్తయ్య: తీసింది. దాన్ని పట్టుకున్నారు, అదీ చచ్చిపోయింది. అయినా మనవాళ్ళెవరూ సీజన్ పెట్టండి మేం బాణాలేసుకుంటాం అన్లేదే.

మావయ్య: అనడానికి లేదు కాబట్టి అన్లేదు, 1972 చట్టంలో అది మొదటి షెడ్యూల్లో ఉంది, ముట్టుకుంటే జైలు. నిజానికి మన గుడ్డెలుగుతో పోలిస్తే ఈ నల్లది అమాయకపుది, గట్టిగా అరిస్తే పోతుందంటారు.

అత్తయ్య: అయితే అరవండి.

మావయ్య: ...నువ్వు అరువు. నీ గొంతు బాగుంటుంది.

అత్తయ్య: నలభై ఏళ్ళకి మెచ్చుకున్నారు, ఎలుగు వస్తే గానీ నోరు రాలేదు.

మావయ్య: ఆగు. అదేదో తింటోంది. ఏటది ఆకుపచ్చగా... పార్వతీ, అది అరిటాకు కదూ?

అత్తయ్య: ఇక్కడ చెట్ల ఆకులు అలాగే ఉంటాయి.

మావయ్య: చెట్ల ఆకుల్లో గారెలుంటాయా?

అత్తయ్య: ...

మావయ్య: పార్వతీ.

అత్తయ్య: అమావాస్య కదండీ! మావగారికి పెట్టకుండా మనం ఎలా తింటాం. కాకికని డెక్ మీద పెట్టేను. పావుగంట కావు కావుమని పిలిచాను, ఒక్క కాకి రాలేదు, పక్కింటావిడ మాత్రం వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగి వెళ్ళింది.

మావయ్య: ఎలుగుకి తిండి పెడితే ఈ రాష్ట్రంలో వెయ్యి డాలర్ల దాకా ఫైను! ఎనభై వేల పైన! మా నాన్న బతికున్నప్పుడు మొత్తం మీద అంత తిన్లేదు!

అత్తయ్య: నేను ఎలుగుకి పెట్టేనా, మీ నాన్నగారికి పెట్టేను. ఆ రూపంలో వచ్చారు, నన్నేం చెయ్యమంటారు.

మావయ్య: మా నాన్న ఎలుగా?

అత్తయ్య: కృష్ణుడికి పిల్లనిచ్చిన మావగారు ఎవరండీ? జాంబవంతుడు. మావగారు ఎలుగవకూడదని ఏ పురాణంలో ఉంది?

మావయ్య: ఆ కృష్ణుడే గుహలో 28 రోజులు చితక్కొట్టాకే పిల్లనిచ్చాడు. మొదటి వేట సీజన్ అదే!

అత్తయ్య: మాటలకేం గానీ ఒకసారి చూడండి. ముందు గారెలు తిన్నారు. తర్వాత పరమాన్నం. బెండకాయ కూర పక్కకి తోసేశారు. ఎవరు గుర్తొస్తున్నారు?

(చాలాసేపు నిశ్శబ్దం. పైన మీటింగ్‌లో నన్నెవరో పిలుస్తున్నారు, పిలవనీ అని వదిలేశా.)

మావయ్య: బెండకాయ నిజంగా తోసేశాడా?

అత్తయ్య: మూతితో. కళ్ళజోడు పెట్టుకుని చూడండి.

మావయ్య: ...జిగురని తినేవాడు కాదు. అయినా ఇది ఆ వాసనకి రాలేదే, చలికాలం ముందు వీటికి ఆకలి ముదిరిపోతుందట, రోజుకి 20,000 క్యాలరీలు కావాలట.

అత్తయ్య: పండక్కి మీ తమ్ముడు వచ్చినప్పుడు నేను వండేదీ అంతే, ఆయన మీద సీజన్ పెట్టమన్నానా? పైగా అసలు దీన్ని ఈ ఇంటికి అలవాటు చేసింది ఎవరో నాకు తెలుసు. పొద్దున్నే పెట్టాల్సిన చెత్తడబ్బా రాత్రే పెట్టేసి పడుకునేది ఎవరు?

మావయ్య: పొద్దున్న ఆరింటికి చలి!

అత్తయ్య: పోయిన వారం ఆ డబ్బాలో ఏం పడేశారు?

మావయ్య: చెత్త.

అత్తయ్య: పనస తొక్కలు, పనస తొనల పీచు, మూత పట్టక పైన కవరు. ఉద్దానంలో పుట్టిన మనిషి, పనసపండు వాసనకి ఎలుగు ఎన్ని మైళ్ళు నడిచొస్తుందో మీకు చెప్పాలేటండీ? మీరు వారం వారం భోజనాలకి పిలిచి, ఇప్పుడు వాళ్ళెక్కువైపోయారు బాణాలెయ్యండి అంటున్నారు.

మావయ్య: అబ్బాయికి చెప్పకు.

అత్తయ్య: మీరు గారెల సంగతి చెప్పకండి.

(అప్పుడు ఆ ఎలుగు ఆకు శుభ్రంగా నాకేసి, ఒక్కసారి అద్దంలోంచి లోపలికి చూసి, బద్ధకంగా మెట్లు దిగి వెళ్ళిపోయింది. బెండకాయ కూర అలాగే ఉంది, నేను కూడా చూశా.)

మావయ్య: చెయ్యి కడుక్కోకుండానే పోయాడు. అదీ నాన్న అలవాటే.

అత్తయ్య: సోమవారం నుంచి ఆరు రోజులన్నారు కదూ?

మావయ్య: రెండో సోమవారం నుంచి. ఏం?

అత్తయ్య: ఇంటికి 150 అడుగుల లోపల బాణం వెయ్యకూడదన్నారు కదూ? అంటే ఆ ఆరు రోజులూ ఈ చుట్టుపక్కలే ఉంటే ఆయనకేటవదు కదండీ.

మావయ్య: పిచ్చెక్కిందా నీకు! వెయ్యి డాలర్లు! చట్టం! అలవాటు పడిన ఎలుగుని చివరికి వాళ్ళే చంపేస్తారు తెలుసా!

అత్తయ్య: ఏం చెయ్యమనలేదు, ఊరికే లెక్క అడిగాను. మాస్టారు కదా అని.

మావయ్య: రేపట్నుంచి చెత్తడబ్బా ఆరింటికి నేనే తీస్తాను. పనస తొక్కలు ఫ్రీజర్‌లో పెట్టి చెత్తబండి వచ్చే రోజే పడేద్దాం. డెక్ మీద నీళ్ళు కొట్టి కడిగెయ్, వాసన ఉండకూడదు. (కాస్త ఆగి) పార్వతీ.

అత్తయ్య: ఏటి?

మావయ్య: మినప్పప్పు ఇంకా ఎంతుంది?