బకెట్ నీళ్లతో ఆగని నిప్పు: వెల్డింగ్ పనిపై తిరుగుతున్న సందేశానికి ఖండన

“మన డెల్టాలో ఎటు చూసినా నీళ్లే, వెల్డింగ్ దగ్గర ఒక బకెట్ పెట్టుకుంటే చాలు, మరీ భయమైతే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఏ మంటనైనా ఆర్పుతుంది, పని ఆపితే ప్రమాదం తీరినట్టే” అన్న సందేశం ఇళ్లు కట్టించేవారి మధ్య విరివిగా తిరుగుతోంది. దీనిని నమ్మితే ప్రాణాల మీదికి వస్తుంది.

నీళ్లు చెక్క మంటను ఆర్పుతాయన్నది నిజమే. కానీ కరెంటు ఉన్న వెల్డింగ్ మెషీన్ మీద పోస్తే పోసినవారికే షాక్ తగలవచ్చు; పెయింటు థిన్నరు మీద పోస్తే మంట నీటిపై తేలుతూ పాకుతుంది.

కార్బన్ డయాక్సైడ్ కరెంటు ప్యానెల్‌కు మంచిదే. అయితే అది కాలుతున్న వస్తువును పెద్దగా చల్లార్చదు. పైగా కిటికీలు బిగించని పై అంతస్తులో, సముద్రపు గాలికి నిలవదు. చెక్క, థిన్నరు, కరెంటు ఒకేచోట ఉండే కట్టడానికి ఏబీసీ పొడి సిలిండరు, అంటే పలు రకాల మంటలను ఆర్పే పొడిని చిమ్మేది, తగినది. 6 కిలోల సిలిండరు అర నిమిషంలోపే ఖాళీ అవుతుంది గనుక రెండైనా ఉండాలి, అవీ తాళం వేసిన గదిలో కాక వెల్డర్‌కు అందేంత దగ్గరలో ఉండాలి. వీటి ఎంపికకు, నిర్వహణకు ఐఎస్ 2190 అనే భారతీయ ప్రమాణం ఉంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మూడో మాట, పని ఆపితే ప్రమాదం తీరినట్టే అన్నది. నిప్పురవ్వలు ఎగిరిపడతాయన్న లెక్కతోనే వెల్డింగ్ వంటి పనులకు ఉన్న అమెరికా అగ్ని భద్రతా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 51బీ, పని జరిగే చోటు చుట్టూ 35 అడుగుల మేర, అంటే దాదాపు 11 మీటర్లు, మండే వస్తువులు ఉండకూడదంటుంది. పని ముగిశాక కాపలా ఉండవలసిన సమయాన్ని 2019లో అరగంట నుంచి గంటకు పెంచింది. కోనసీమలో ఈ జాగ్రత్త మరింత అవసరం, ఎందుకంటే ఇక్కడ కట్టడం పక్కనే కొబ్బరి పీచు, డొక్కలు, తాటాకు పాకలు ఉండటం మామూలే. రవ్వ పడిన చోట పీచు కుప్పపై ఆవగింజంత నల్లచుక్క తప్ప ఏమీ కనబడదు. లోపల మాత్రం మంట లేకుండానే కుములుతూ పోయి, కూలీలు ఇళ్లకు చేరాక గాలి సోకి భగ్గుమనవచ్చు. అటువంటి నిప్పుకు పొడి పైపైనే పనిచేస్తుంది కాబట్టి కుప్పను కెలికి, విడదీసి, లోపలిదాకా తడపాలి. ఆ సందేశం చెప్పిన బకెట్ నీళ్లకు అసలైన పని ఇక్కడే ఉంది, అదీ కనిపెట్టుకుని ఉండే మనిషి ఉంటేనే.

ఆ మనిషికి వేరే పని అప్పగించకూడదు. అతని కూలి ఎవరిస్తారో పని ఒప్పుకునేటప్పుడే మేస్త్రీతో తేల్చుకోవాలి. లేకపోతే సాయంత్రం అందరితోపాటు అతనూ వెళ్లిపోతాడు.