ఖాళీ గడిలో సున్నా పెట్టని మనిషి

హనుమకొండలో ఒక పెద్దమనిషి వల్ల ఒక కంపెనీ పడుతున్న యాతనను పాఠకుల దృష్టికి తేవడం నా విధి అని భావిస్తున్నాను. ఆయన చదివింది కీటక శాస్త్రం. పత్తి చేలలో ఆడ పురుగు వాసన చూపి మగ పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు కట్టి, గులాబీ రంగు పురుగు తాలూకు రెక్కల పురుగులను తెల్లవారగానే లెక్కపెట్టి, వరుసగా 3 రోజులు బుట్టకు 8 చొప్పున పడితే తప్ప మందు జోలికి పోవద్దని రైతులకు చెబుతూ యవ్వనమంతా గడిపాడు. ఇప్పుడు డేటా నిపుణుడయ్యాడు. జీతం పెరిగింది కానీ బుద్ధి మాత్రం చేనులోనే ఉండిపోయింది.

ఆయన జబ్బు ఏమిటంటే, బుట్టలో పురుగు పడకపోతే సున్నా రాయాలట, వాన వల్ల ఆ పూట చేనికి పోలేకపోతే గడి ఖాళీగా వదలాలట, ఈ రెండూ ఒకటి కావట. ఏమీ లేకపోవడమే సున్నా అని ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలిసిన ఈ దేశంలో ఇంత చదివిన మనిషికి తెలియకపోవడం విచారకరం. ఆయన సాటి శాస్త్రవేత్తలు ఎంత మర్యాదస్థులో చూడండి: ఎక్సెల్ కొన్ని జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తుంటే, ఎక్సెల్‌తో తగవెందుకని 2020 నాటికి ఆ జన్యువులకే వేరే పేర్లు పెట్టుకున్నారు.

మొన్నటి సమావేశంలో ఒక కొనుగోలు కేంద్రం తాలూకు పత్తి తేమ వివరాలు తెర మీదికి వచ్చాయి: 9, 10, 11, ఆ తరువాత రెండు ఖాళీలు. ఖాళీలు కంటికి ఇంపుగా లేవని పెద్ద సారు సెలవిచ్చారు, వెంటనే ఒక కుర్రవాడు రెండు సున్నాలు పెట్టాడు, సగటు 6 అయింది. తేమ 8 శాతం దాటకపోతే పూర్తి మద్దతు ధర, దాటితే కోత, 12 దాటితే కొననే కొనరు. కనుక 6 అంటే శుభవార్తే. తెర పచ్చబడింది, సమోసాలు వచ్చాయి. అప్పుడు మన కీటక శాస్త్రవేత్త లేచి, "పత్తిని పెంకు మీద వేయించినా తేమ సున్నా కాదు గదా సార్" అన్నాడు. సరే, ఉన్న మూడింటి సగటునే నింపుదామన్నారు, 10 అయింది. అది పచ్చగా లేదు కనుక నిన్నటి అంకెలు వేద్దామని ఇంకొకరు, చేతులెత్తి తేల్చుకుందామని మరొకరు అన్నారు. ఇంత ప్రజాస్వామ్యం నడుస్తుండగా ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "అసలు ఆ గడులు ఎందుకు ఖాళీగా ఉన్నయి?"

ఎవరికీ తెలియదు. తెలుసుకోవడం ఎవరి ఉద్యోగమూ కాదు. 20 నిమిషాల పనికి ఈయన రెండు రోజులు సొంత సెలవు పెట్టి, బస్సెక్కి ఆ కేంద్రానికి పోయాడు. గేటు దగ్గర టోకెను ఇవ్వగానే పుస్తకంలో ఒక వరుస మొదలవుతుందని, తేమ 12 దాటిన బండిని వెనక్కి పంపితే ఆ వరుస అట్లాగే ఉండిపోతుందని అక్కడ తెలిసింది. "మీది ఎంత వచ్చింది కాకా?" అని ఒక రైతును అడిగాడట. "పద్నాలుగు జూపెట్టింది బిడ్డా. కొననిదానికి రాసుడెందుకు, వాపస్ తీస్కపో అన్నరు."

అంటే అందరికంటే తడిసిన పత్తి తెచ్చినవాళ్లే కాగితం మీద అందరికంటే పొడి పత్తి తెచ్చినవాళ్లయ్యారు! రాత్రంతా ట్రాక్టరు కింద చలిలో పడుకుని, 2025–26లో పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలన్న మాట నమ్మి వచ్చి, చివరికి దారిలో దళారి ఇచ్చినంత పుచ్చుకుని ఇంటికి పోయిన మనిషి అతడు. అతణ్ని సున్నా చేసి, ఆ సున్నాతోనే సగటు దించి, అందరికీ పూర్తి ధర దక్కిందని పచ్చ రంగు పూసి పైకి పంపుతారా? వేళ్లకు సమోసా నూనె కూడా ఆరలేదు, సిగ్గు లేదా?

క్షమించాలి, కంపెనీ కష్టం చెబుతూ దారి తప్పాను. ఆయన తిరిగి వచ్చి, 'వెనక్కి పంపినవి' అని పట్టికలో కొత్తగా ఒక నిలువు వరుస చేర్చి దానికి ఎర్ర రంగు వేశాడు. పెద్ద సారు దానిని చాలాసేపు చూసి, ఎరుపు కొంచెం తగ్గించగలరా అని అడిగారు. ఏడాది చివర వచ్చిన పనితీరు పత్రంలో 'వేగం' అన్నచోట ఆయనకు సున్నా పడింది. అది నిజంగా వేసిన సున్నానా, ఎవరూ నింపని ఖాళీయా అని ఆయన రాతపూర్వకంగా అడిగాడట.