లిథువేనియా రైతుకి సంస్కృతం రాదు, హీబ్రూని ఒక్కడే లేపలేదు

ఆ ఫార్వర్డు మళ్ళీ తిరుగుతోంది. సారాంశం ఇది: ప్రపంచంలో చెక్కుచెదరని ప్రాచీన భాషలు రెండే మిగిలాయట, హీబ్రూ, లిథువేనియన్. రెండూ సంస్కృతం బిడ్డలేనట. లిథువేనియా రైతు ముందు శ్లోకం చదివితే ఇట్టే అర్థం చేసుకుంటాడట. రెండు వేల ఏళ్ళు చచ్చిపడి ఉన్న హీబ్రూని ఒకే ఒక్క మనిషి లేపి కూర్చోబెట్టాడట. ఇందులో పిసరంత నిజం ఉంది. ఉంది కాబట్టే ఇంత దూరం పాకింది.

"రెండూ సంస్కృతం బిడ్డలే" అన్నది ముందు చూద్దాం. హీబ్రూ సంగతి త్వరగా తేలిపోతుంది. అది సెమిటిక్ భాష, అరబిక్, అరమాయిక్ దాని చుట్టాలు. క-త-వ అనే మూడు హల్లులు పట్టుకుని, వాటి చుట్టూ అచ్చులు మార్చి కతవ్ అంటే రాశాడు, మిఖ్తవ్ అంటే ఉత్తరం అని మాటలు కట్టుకుంటూ పోతుంది. హైదరాబాదులో వినిపించే కితాబ్‌కి అరబిక్‌లో ఉన్న వేరు కూడా దీని చుట్టమే. సంస్కృతంలో మాట పుట్టే పద్ధతే వేరు.

లిథువేనియన్‌కి మాత్రం సంస్కృతంతో చుట్టరికం ఉంది. కాకపోతే అది తల్లీబిడ్డల వరస కాదు, దాయాదుల వరస. సాక్ష్యం కావాలంటే అంకెలు చాలు. నాలుగు, ఐదు: సంస్కృతంలో చత్వారః, పంచ. లిథువేనియన్‌లో కెతురి, పెంకి. లాటిన్‌లో క్వత్తువోర్, క్వింక్వె. మూలభాషలో ఎకారం ముందున్న క లాంటి ధ్వని సంస్కృతంలో చకారంగా మారింది, ఆ తర్వాత ఆ ఎకారం కూడా అకారంలో కలిసిపోయింది. లిథువేనియన్‌లో క కగానే ఉంది, ఎ ఎగానే ఉంది. సంస్కృతం కన్నబిడ్డే అయితే, తల్లి ఎప్పుడో పోగొట్టుకున్న ధ్వనులు దానికి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

ఇక రైతు కథ. ఆంత్వాన్ మెయ్యే అనే ఫ్రెంచి భాషావేత్త పేరు మీద ఒక మాట చలామణిలో ఉంది: ఇండో-యూరోపియన్ మూలభాష ఎలా ఉండేదో వినాలనుకుంటే వెళ్ళి లిథువేనియా రైతు మాట వినండి అని. చేతులు మారుతూ మారుతూ మూలభాష కాస్తా సంస్కృతం అయిపోయింది, వినాల్సినవాడు మనమైతే, వినేవాడు రైతు అయ్యాడు. పోలికలు ముచ్చటగానే ఉంటాయి, కాదనను. లిథువేనియన్‌లో కొడుకు సూనుస్, నిప్పు ఉగ్నిస్, గొర్రె అవిస్, పొగ దూమస్; సంస్కృతంలో సూనుః, అగ్నిః, అవిః, ధూమః. "దియెవస్ దవే దంతిస్, దువోస్ ఇర్ దువోనోస్" అని వాళ్ళకో సామెత: పళ్ళిచ్చిన దేవుడు రొట్టె కూడా ఇస్తాడని. మన నారు పోసినవాడు నీరు పోయడా లాంటిది. దాన్ని సంస్కృతంలో పెడితే దాదాపు మాటకి మాట సరిపోతుంది. సరిపోయేలా ఏరుకొచ్చిన వాక్యం కాబట్టి సరిపోతుంది. అదే రైతు పొద్దున్నే ఎదురై "లాబస్ రీతస్" అంటే మన వేదపండితుడు తెల్లమొహం వేయాల్సిందే. రైతు శుభోదయం చెప్పాడంతే.

అసలు సంస్కృత పదాలు తెలిస్తే చాలు శ్లోకం అర్థమవుతుందనుకుంటే మనకంటే ధనవంతులెవరు? అగ్ని, ధూమం, దంతం, దేవుడు అన్నీ మన నోట్లో రోజూ నానేవే. అయినా సంధులూ సమాసాలూ పేనిన శ్లోకం వినిపిస్తే ఎంతమందికి టీక లేకుండా తెలుస్తుంది? మనకే లేని సౌకర్యం లిథువేనియా రైతుకి ఎలా వచ్చింది?

"చెక్కుచెదరలేదు" అన్నదీ నిలవదు. లిథువేనియన్‌లో మహాప్రాణాలు పోయాయి, ధూమం దూమస్ అయింది. నామవాచకాల్లో నపుంసకలింగం పోయింది, ద్వివచనం వాడుక తప్పింది. పుస్తకానికి వాడే క్నిగా అనే మాట స్లావిక్ భాషల నుంచి తెచ్చుకున్నదే. పాత లక్షణాలు నిలుపుకోవడం వేరు, మారకపోవడం వేరు. హీబ్రూ కూడా అంతే: బైబిల్లో యెహెజ్కేలు దర్శనంలో మెరిసే వస్తువు హష్మల్, ఈనాడు టెల్ అవీవ్‌లో హష్మల్ అంటే కరెంటు.

అన్నిటికంటే మొండి అబద్ధం ఆ ఒక్క మనిషి కథ. ఎలియెజెర్ బెన్-యెహుదా గొప్పవాడే. 1881లో పాలస్తీనా చేరి, 1882లో పుట్టిన కొడుకుతో హీబ్రూ తప్ప ఇంకో ముక్క మాట్లాడనివ్వలేదు. కానీ ఆయన లేపింది శవాన్ని కాదు. ఇళ్ళలో మాట్లాడటం దాదాపు రెండో శతాబ్దం నాటికి ఆగింది గానీ రాయడం ఎన్నడూ ఆగలేదు. 200 ప్రాంతంలో మిష్నా అనే యూదుల ధర్మసంకలనం, 12వ శతాబ్దంలో మైమోనిడిస్ ధర్మశాస్త్రం, స్పెయిన్‌లో కవిత్వం, 1853లో నవల, 1856లో వారపత్రిక. ఇది చచ్చిన భాష చేసే పనేనా? బెన్-యెహుదా తర్వాత దాన్ని పిల్లల నోట పలికించింది బడిపంతుళ్ళు. 1886లో రిషోన్ లెజియోన్ గ్రామంలో హీబ్రూ మాధ్యమం బడి పెట్టారు. 1913లో హైఫా సాంకేతిక విద్యాలయంలో జర్మన్‌లో చెప్పాలని పెద్దలు తీర్మానిస్తే పంతుళ్ళూ పిల్లలూ తిరగబడి మార్పించారు. యెమెన్ నుంచీ పోలండు నుంచీ వచ్చినవాళ్ళకి సంతలో మాట్లాడుకోవడానికి ఇంకో ఉమ్మడి భాష లేకపోవడం కూడా కలిసొచ్చింది.

ఈ రెండు భాషలూ నిజంగా కలిసిన చోటు ఒకటుంది, ఫార్వర్డు రాసినవారికి అది తట్టలేదు. అది విల్నా, ఇప్పటి లిథువేనియా రాజధాని విల్నియస్. ఇందాకటి 1853 నవల అచ్చయింది అక్కడే, రాసిన అవ్రాహాం మాపుది కౌనస్ పక్క ఊరు. కరెంటుకి హష్మల్ పేరు పెట్టిన కవి గోర్డన్ పుట్టిందీ విల్నాలోనే. బెన్-యెహుదా స్వగ్రామం అప్పటి విల్నా గవర్నరేట్‌లోది. ఇంకా వింత ఏమిటంటే 1863లో మొదలైన తిరుగుబాటుని అణిచాక, అప్పటి పాలకులైన రష్యా జారు ప్రభుత్వం లాటిన్ లిపిలో లిథువేనియన్ అచ్చు వేయడాన్ని నిషేధించింది. విల్నా ప్రెస్సుల్లో సెన్సారు ముద్రతో హీబ్రూ పుస్తకాలు బాహాటంగా అచ్చవుతుంటే, సొంతగడ్డ మీద లిథువేనియన్ పుస్తకం దొంగసరుకైంది. తూర్పు ప్రష్యాలో అచ్చేసి, మూటల్లో దాచి సరిహద్దు దాటించేవారు. దొరికినవాళ్ళని సైబీరియాకి పంపారు. నిషేధం ఎత్తేసింది 1904లో.

తర్వాత స్వతంత్ర లిథువేనియాలో కౌనస్‌లో హీబ్రూ మాధ్యమం హైస్కూలు నడిచింది. కవయిత్రి లేయా గోల్డ్‌బెర్గ్ చదివింది అక్కడే. 1935లో ఆమె పాలస్తీనా ఓడ ఎక్కే నాటికే హీబ్రూలో కవిత్వం రాస్తోంది.