రెండంగుళాల ఉన్నతి

మనిషి ఔన్నత్యాన్ని చదువుతోనో సంస్కారంతోనో కొలిచే పాత అలవాటు మనలో ఇంకా పోలేదు కానీ, ఆ పద్ధతి శాస్త్రీయం కాదని నేను చాలాకాలంగా అనుమానిస్తూనే ఉన్నాను. చక్రం మధ్యబిందువు దగ్గర టేపు పెట్టి మడ్‌గార్డు అంచు దాకా కొలిస్తే వచ్చే అంకె ఒక్కటే నమ్మదగినది. నా తోడల్లుడి వాహనంలో ఆ అంకె నా వాహనంలోకన్నా రెండంగుళాలు ఎక్కువని తెలిసిన రోజున, అత్తవారింట నా మాటకు విలువ ఎందుకు తగ్గుతూ వస్తోందో నాకు ఒక్కసారిగా బోధపడింది. ఇద్దరివీ ఒకే రకం ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలు; ఇద్దరమూ ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి తారురోడ్డు దిగినవాళ్లం కాదు. తేడా అంతా చక్రాల మీది బాడీని ఇంకాస్త పైకి లేపే సస్పెన్షన్ లిఫ్ట్ కిట్‌లో ఉంది. అతడు దాన్ని గ్యారేజీలో బిగించుకున్నాడు కాబట్టి, అతణ్ని మించాలంటే నేను ఇంట్లో, నా చేతులతోనే బిగించుకోవాలి.

పెట్టెలో నాలుగు పొడవాటి కాయిల్ స్ప్రింగులు, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లు, ఒక సంచీ నిండా బోల్టులు, ఒక మడత కాగితం వచ్చాయి. ఈ పనిని అనుభవం గల మెకానిక్ చేతనే చేయించవలెనని కాగితం మొదటి వాక్యంలోనే ఉంది. ముందుమాటలు వదిలేసి నేరుగా గ్రంథంలోకి వెళ్లడం నాకు చిన్ననాటి అలవాటు. వాహనాన్ని గోడ పక్కన నిలిపి, ముందు మడ్‌గార్డు అంచు ఎక్కడికి వస్తోందో చూసి, పెన్సిలుతో గోడ మీద ఒక గీత గీశాను. చరిత్రకు ఆధారాలుండాలి కదా.

మా ఆవిడకు బొత్తిగా సాహసం లేదు. వెనుక చక్రాలకు అటూ ఇటూ అడ్డుకట్టలు పెట్టి, చాసిస్‌ను అంటే అడుగు చట్రాన్ని, రెండు గట్టి స్టాండ్ల మీద నిలబెట్టేదాకా నన్ను కిందికి దూరనివ్వలేదు. జాకీ ఎత్తడానికే తప్ప మోయడానికి కాదన్నది ఆమె వాదన. ఈ వ్యాసంలో వ్యంగ్యానికి తావులేని విషయం ఇదొక్కటే కనుక, ఆమె మాట విన్నానని వినయంగా మనవి చేస్తున్నాను. నా వాహనానికి ముందు కూడా రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి యాక్సిలే ఉండడం మరో అదృష్టం. షాక్ బోల్టులు విప్పి యాక్సిల్‌ను మెల్లగా కిందికి దించితే స్ప్రింగు వదులై చేతికి వచ్చేస్తుంది. స్ప్రింగూ షాకూ ఒకటిగా కలిసిన స్ట్రట్ ఉన్న వాహనాలకైతే స్ప్రింగును పనిముట్టుతో నొక్కిపట్టాలి, అది జారితే ఎవరి తల ఎటు పోతుందో చెప్పలేం. అటువంటి వాహనాలున్నవారు తోడల్లుళ్లతో రాజీపడడమే క్షేమం.

అయితే బోల్టులు విప్పడం అన్నంత తేలిక కాదు. ఏళ్ల తరబడి నీళ్లూ బురదా తాగిన బోల్టు, తన నట్టుతో ఏకమై అద్వైతస్థితికి చేరుకుంటుంది. అటువంటి జ్ఞానిని స్పానరుతో విడదీయబోవడం అపచారం. తుప్పు వదిలించే నూనె చల్లి, రాత్రంతా నానబెట్టి, మర్నాడు స్పానరుకు పొడవాటి పైపు తొడిగి లాగితే, పదిలో ఏడు వదిలాయి, రెండు విరిగాయి, ఒకటి ఇప్పటికీ తపస్సులోనే ఉంది.

రెండో రోజు సాయంత్రానికి అన్నీ బిగించి, చక్రాలు తొడిగి, వాహనాన్ని నేల మీదికి దించి కొలిస్తే, రెండంగుళాలు రావలసిన చోట రెండుంపావు వచ్చింది! నా హస్తవాసికి నేనే మురిసిపోయాను. ఆ ఆనందంలో మడత కాగితం మిగతా భాగం కూడా చదవడం నా జీవితంలో చేసిన పొరపాట్లలో ఒకటి. కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల గుండా పోయే బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగించరాదనీ, బరువంతా చక్రాల మీద పడ్డాకే బిగింపును కొలిచే టార్క్ రెంచితో చివరి బిగింపు ఇవ్వాలనీ అందులో ఉంది. ఎందుకంటే లోపలి రబ్బరు ఏ భంగిమలో ఉండగా బిగిస్తే దాన్నే తన విశ్రాంతి భంగిమగా ఎంచుకుంటుంది. ఆ తర్వాత వాహనం బరువు దిగగానే మెలిపడి, ఆ మెలికతోనే ఒక దొంగ స్ప్రింగులాగా వాహనాన్ని కాస్త పైకి నెడుతూ, కొన్నాళ్లకు చిరిగిపోతుంది. నేను గర్వించిన పావు అంగుళం నా ప్రతిభ కాదు, రబ్బరు బాధ. అన్నీ వదులుచేసి మళ్లీ బిగించాను. పావు అంగుళం పోయింది. గోడ మీద రెండో గీత న్యాయబద్ధంగానే గీశాను.

తర్వాతి కథ కౌపీన సంరక్షణార్థం సంసారం చేసుకున్న సన్యాసి కథే. చాసిస్ పైకి లేచింది కనుక యాక్సిల్ వేలాడినప్పుడు బ్రేకు గొట్టం వీణ తీగలా బిగుసుకుంటోంది. పొడవైన గొట్టం కొన్నాను. యాక్సిల్‌ను పక్కకు జరగకుండా పట్టే పానార్డ్ రాడ్డు పొడవు మారదు గానీ వంపు మారింది కనుక, అది యాక్సిల్‌ను ఒక పక్కకు లాగింది. పొడవు సవరించుకునే రాడ్డు కొన్నాను. ముందు యాక్సిల్ కొద్దిగా తిరగడంతో చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కాస్టర్ కోణం తగ్గి, మలుపు తిప్పి వదిలితే తనంత తాను నిటారుకు రావలసిన స్టీరింగు వైరాగ్యం పట్టినట్టు ఎటు తిప్పితే అటే ఉండిపోయింది. దానికి వేరే బుష్‌లు, ఆపైన అలైన్‌మెంట్. హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలోకి కొడుతున్నాయి, వాటిని దించాను. గరిమనాభి పైకి పోయినందువల్ల మలుపుల్లో వాహనం ముసలి ఏనుగులా ఒరుగుతోంది. దీనికి మాత్రం మందు కొనలేదు, ఎందుకంటే నెమ్మదిగా నడపడం ఉచితం.

ఇంతా చేశాక, ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు నేల మీద బోర్లా పడుకుని, కిందికి తొంగిచూసి, "మామయ్యా, అన్నిటికంటే కిందున్నది ఈ డిఫరెన్షియల్ గుండే కదా, ఇది లేవలేదేం?" అన్నాడు. చదువు ఎక్కువైతే ఇటువంటి ప్రశ్నలే పుడతాయి. ముందు కొలిచినా తర్వాత కొలిచినా యాక్సిల్ నడుమ గేర్లుండే ఆ గుండు కింద ఖాళీ మిల్లీమీటరు కూడా మారలేదన్నది నిజమే. స్ప్రింగులు యాక్సిల్ మీద కూర్చుని చాసిస్‌ను ఎత్తుతాయే తప్ప, యాక్సిల్‌ను ఎత్తవు. దాన్ని ఎత్తగలిగేది టైరు ఒక్కటే, అదీ సగం వంతునే. అంటే టైరు వ్యాసం రెండంగుళాలు పెరిగితే యాక్సిల్ ఒక అంగుళం లేస్తుంది. బంపరూ పొట్టా నేలకు దూరమై, గట్టు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గీసుకోకుండా ఉండే లాభం మాత్రం నాకు వచ్చింది, కాదనను. కాకపోతే ఏ రాయి మునుపు నా డిఫరెన్షియల్‌కు తగిలేదో అదే రాయి ఇప్పుడూ తగులుతుంది. చూసేవాడికి మాత్రం తగలదనిపిస్తుంది.

అందుకని 29 అంగుళాల టైర్లు తీసేసి 31 అంగుళాలవి వేశాను. పెద్ద టైరు ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది కనుక, స్పీడోమీటరు 100 చూపిస్తున్నప్పుడు వాహనం 107 దాకా పోతోంది. తిరిగిన దూరం కూడా అదే లెక్కన తక్కువ చూపిస్తుంది కనుక మైలేజీ పడిపోయిందని నేను పడిన దుఃఖంలో కొంతభాగం గణితదోషమని తేలింది. మిగతా భాగం నిజమైన దుఃఖమే.

ఆ ఎత్తుకూ ఆ టైర్లకూ పాత బంపరు పెద్దమనిషి నోట పాలపన్నులా కనిపించడంతో ఉక్కు బంపరు పెట్టించాను. ఉక్కు బంపరు ఉండి, దిగబడితే తాడు చుట్టి లాగే విన్చి లేకపోతే ఎలా? విన్చి కూడా వచ్చింది. పైన ఇనుప క్యారియరు, అందులో ఇంకో టైరు. మా అత్తగారు ఎక్కడానికి వీలుగా వెనుక ఒక పీట కూడా ఎప్పుడూ ఉంటుంది. ఇవన్నీ అమిరాక నిన్న వాహనాన్ని మళ్లీ ఆ గోడ పక్కన నిలిపి చూశాను. కొత్త టైర్లు ఇచ్చిన అంగుళాన్ని కూడా కలుపుకొని మూడంగుళాలు పైకి ఉండవలసిన మడ్‌గార్డు అంచు, మొదటి గీతకు అంగుళం పైన ఆగిపోయింది. అదనపు బరువులు మోసే వాహనాలకు గట్టి స్ప్రింగుల కిట్టు వేరుగా దొరుకుతుందని మడత కాగితం వెనుకవైపు అచ్చువేశారు. తోడల్లుడు వచ్చేవారం వస్తున్నాడు. అంతలో కిట్టు అందదు కనుక, ప్రస్తుతానికి గోడకు రంగు వేయిస్తున్నాను.